ఉన్నది తప్పింది, లేనిది దొరికింది: ఒకే ఇంటి రెండు గ్లకోమా ఫైళ్లు

మా కంటి పరీక్ష కేంద్రంలోని ఒక పాత ఫైలులో ఎడమ కన్నుకు ఎదురుగా మూడు అంకెలున్నాయి. 2019 నవంబరులో 0.5, 2021 ఆగస్టులో 0.6, 2023 జనవరిలో మళ్లీ 0.5. మూడూ నా చేతిరాతే. కంటి వెనక నరం మొదలయ్యే గుండ్రటి చోటును డిస్క్ అంటాం. దాని మధ్యలో ఒక గుంట ఉంటుంది, దాన్ని కప్పు అంటాం. డిస్క్ నిలువులో కప్పు ఎంత భాగం ఆక్రమించిందో చెప్పే నిష్పత్తే ఆ అంకె. మనవాళ్లు నీటికాసులు అని పిలిచే గ్లకోమాలో నరపు తంతువులు చచ్చిపోయే కొద్దీ ఆ కప్పు పెద్దదవుతుంది. చచ్చిన తంతువు తిరిగి మొలవదు కనుక, మందు పడని కంట్లో 0.6 వెనక్కి నడిచి 0.5 కాదు. మూడింటిలో ఏది తప్పో ఇప్పటికీ చెప్పలేను. మూడూ సరైనవే అయి ఉన్నా ఆ మనిషికి మేలు జరిగేది కాదు. ఎందుకన్నదే ఈ కేసు.

నేను ఆప్టోమెట్రిస్టును, అంటే డాక్టరును కాదు, కళ్లు పరీక్షించి అద్దాలిచ్చేదాన్ని. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న కేంద్రం నడుపుతున్నాను. కంటి డాక్టరు గారు వారానికోసారి వస్తారు. మా దగ్గరికి ఊళ్లోని తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండల మీది సవరలు, సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లా వాళ్లు కూడా వస్తారు. చీటీలు మూడు లిపుల్లో వస్తాయి. ఇక్కడ రాస్తున్నది ఒక అన్నయ్య గురించి, ఆయన చెల్లెలి గురించి. ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అన్నయ్య

ఆయన బంగారు పని చేస్తారు. 2019లో 53 ఏళ్లు. మొదటిసారి మా దగ్గరికి దగ్గరి చూపు అద్దాల కోసం వచ్చారు. అంతకు నెల ముందు ఒక శుక్లాల శిబిరంలో కళ్లు చూపించుకున్నారు. అక్కడ పడుకోబెట్టి, షియోట్జ్ పరికరం కంటి మీద నిలబెట్టి ప్రెషర్ చూశారు. నార్వే వైద్యుడు షియోట్జ్ 1905లో తెచ్చిన ఆ పరికరం కరెంటు లేని చోట కూడా పనిచేస్తుంది కాబట్టి మన శిబిరాల్లో చాలాకాలం అదే దిక్కు. 5.5 గ్రాముల బరువుతో ముల్లు 5 దగ్గర ఆగింది. పట్టిక ప్రకారం అది 17.3 మిల్లీమీటర్ల పాదరసం. చీటీ మీద బాగుంది అని రాసి పంపారు.

మా దగ్గర గాలి ఊదే యంత్రంలో 16 వచ్చింది. డిస్క్ చూశాను, 0.5 అని రాశాను, అద్దాలిచ్చి పంపాను.

2021 ఆగస్టులో ఆయన తనంతట తానే వచ్చారు. "మా చెల్లికి నీటికాసులట. రక్తసంబంధీకులు చూపించుకోవాలన్నారు, నాకూ చూడండమ్మా" అన్నారు. ఈసారి శ్రద్ధగానే చూశాననుకున్నాను. ప్రెషర్ 17. కప్పు 0.6. సాధారణంగా 0.7 దాటితే అనుమానించడం అలవాటు. డాక్టరు గారు కూడా ఆ వారం చూసి భయం లేదన్నారు. 2023 జనవరిలో అద్దాలు మార్చుకోవడానికి వచ్చినప్పుడు కప్పు 0.5, ప్రెషర్ 16. నాలుగేళ్లలో ముగ్గురం ఆయన కళ్లలోకి చూశాం. ముగ్గురం ఒకే మాట చెప్పాం. మామధ్య పొంతన కుదిరింది, అంతే.

2023 సెప్టెంబరులో ఆకురాయి పని చేస్తుండగా లోహపు రజను కుడి కంట్లో పడింది. డాక్టరు గారు తీసి, రెండు రోజులు కట్టు ఉంచారు. ఇలాంటి గీరుకు కట్టు కట్టడం ఇప్పుడు తగ్గిపోయింది. ఆ రోజు పాత పద్ధతిలో కట్టడమే ఆయనకు కలిసొచ్చింది. కట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు మాటల్లో అన్నారు: "గోడ గడియారంలో ఆరు తెలుస్తోందమ్మా, పన్నెండు దగ్గర ఏదో కలిసిపోయినట్టుంది. అద్దం పాతబడిందేమో."

ఆయన భూతద్దం ఎప్పుడూ కుడి కంటికే బిగించుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఎడమ కన్ను పనిలో ఖాళీగానే ఉంటోంది. మిగతా వేళల్లో రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. గ్లకోమా వచ్చినవాళ్లకు నల్లమచ్చ కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందికి అలా కనిపించదు. కొంత చోటు మసకబారుతుంది, వస్తువు అక్కడ లేనట్టే ఉంటుంది. లేనిదాన్ని ఎవరూ గమనించరు. ఎడమ కంటితో బోర్డు చదివిస్తే ఆఖరి వరుస దాకా చదివారు, 6/6. మధ్య చూపు ఆఖరున గానీ పోని జబ్బులో చూపు బోర్డు మీద నమ్మకం పెట్టుకుంటే జరిగేది ఇదే.

ఆ మధ్యాహ్నం కంటిపాప విప్పే చుక్కలు వేశాను. అంతకుముందు మూడుసార్లూ వేయలేదు. వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి పని సాగదు, ఆ రోజు కూలి పోతుందని ఆయన వద్దనేవారు, నేను సరేననేదాన్ని. ఈసారి, గడ్డం ఆనించి కూర్చుంటే కంటిని పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్ వెలుగు గీతను డిస్క్ ఎత్తుకు సరిపెట్టి కొలిచాను. స్కేలు మీద 1.05. నేను వాడేది 90 డయాప్టర్ లెన్సు కాబట్టి 1.33తో హెచ్చించాలి. 1.4 మిల్లీమీటర్లు. 1.5 కన్నా తక్కువైతే చిన్న డిస్క్ కిందే లెక్క. కప్పు 0.6 దగ్గరే ఉంది. కానీ గడియారపు ముల్లు లెక్కలో అయిదు గంటల చోట కప్పు చుట్టూ ఉండాల్సిన అంచు దాదాపు లేదు, గోటితో గిల్లినట్టుంది. ఆకుపచ్చ వెలుగులో చూస్తే అక్కడినుంచి ఒక నల్లటి చీలిక విసనకర్రలా విచ్చుకుంటూ కిందికి దిగింది. కంట్లో కింద తంతువులు పోతే చూపులో పైభాగం పోతుంది. పన్నెండు అంకె పోయింది అక్కడే.

చూపు ఎక్కడెక్కడ ఉందో వెలుగు చుక్కలతో తేల్చే ఫీల్డ్ పరీక్ష రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించాం. రెండుసార్లూ ఎడమ కంటి పైభాగంలో విల్లులాంటి లోపం అదే చోట వచ్చింది. కుడి కన్ను ఇంకా మామూలుగానే ఉంది. డాక్టరు గారు గోనియోస్కోపీ చేసి నీరు బయటికి పోయే మూల తెరిచే ఉందని చెప్పారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, మందం 484 మైక్రాన్లు. దాని సంగతి తర్వాత.

ఉంగరంలో దారాలు

ఆయనకు ఈ విషయం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆయన వృత్తే దారి చూపింది. కంటి నరంలో పది పన్నెండు లక్షల తంతువులుంటాయి. మనిషి మనిషికీ ఆ లెక్క తేడా ఉన్నా, డిస్క్ సైజులో కనిపించే తేడా అంతకన్నా ఎక్కువగా కళ్లకు కడుతుంది. ఒక పిడికెడు పట్టుదారాలు తీసుకుని చిన్న ఉంగరంలోంచి లాగితే మధ్యలో ఖాళీ మిగలదు. అవే దారాలు గాజులోంచి లాగి అంచు చుట్టూ సర్దితే మధ్యలో పెద్ద ఖాళీ ఉంటుంది. గాజులో ఖాళీ చూసి దారాలు తెగిపోయాయనలేం. ఉంగరంలో సగం ఖాళీ కనిపిస్తే మాత్రం దారాలు పోయినట్టే. ఆయన డిస్క్ ఉంగరం. పుట్టుకతో ఆయనకు అసలు కప్పే ఉండి ఉండకపోవచ్చు. అలాంటి చోట 0.5 అంటే అప్పటికే నష్టం బాగా జరిగిందని అర్థం. నేను 0.5 రాసినా 0.6 రాసినా ఒకటే అన్నది అందుకే. డిస్క్ సైజు రాయనప్పుడు ఆ అంకెకు విలువ లేదు.

ఆయన కాసేపు చూసి, "అయితే మీరు తూకం వేశారు గానీ గీటు పెట్టి చూడలేదన్నమాట" అన్నారు. కోపంగా అనలేదు. నాకు మాత్రం గుచ్చుకుంది.

చెల్లెలు

ఆమెకు 51. మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నంలో ఉంటారు. రాష్ట్రం వేరు గానీ పొద్దున ఆటో ఎక్కితే పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. 2020లో వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో తలనొప్పికి చూపించుకుంటే రెండు కళ్లలో కప్పు 0.7 అన్నారు, ఫీల్డ్ పరీక్ష చేశారు, తేడాగా ఉందన్నారు, రాత్రిపూట వేసుకునే చుక్కల మందు మొదలుపెట్టారు. మూడేళ్లు ఒక్క రాత్రి కూడా తప్పలేదు. మందు వల్ల రెప్పవెంట్రుకలు పెరిగి, కళ్లచుట్టూ చర్మం నల్లబడింది. ఆ మందుల రకానికి ఇది తెలిసిన లక్షణమే. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారట.

అన్నయ్య కథ బయటపడ్డాక ఆమెను కూడా ఫైలుతో రమ్మన్నాను. డిస్క్ కొలిస్తే స్కేలు మీద 1.8, అంటే 2.4 మిల్లీమీటర్లు. ఆమెది గాజు. అంచు చుట్టూ ఎక్కడా తెగలేదు, కింద అన్నిటికన్నా మందంగా, తర్వాత పైన, ముక్కు వైపు, చెవి వైపు తగ్గుతూ ఉంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో సాధారణంగా కనిపించే వరుస అదే. ఆ వరుస తప్పిన ప్రతి డిస్క్ జబ్బుది కాదు, తప్పని ప్రతి డిస్క్ క్షేమమూ కాదు. కానీ రెండు కళ్లలో ఒకేలా, ఇంత శుభ్రంగా ఉంటే చేయి ఆగాలి.

ఫీల్డ్ కాగితం తీసి చూశాను. చూపు నిలపాల్సిన చుక్క మీద నిలపలేదని యంత్రం 16సార్లలో 9సార్లు పట్టుకుంది. 20 శాతం దాటితేనే ఆ పరీక్షను నమ్మొద్దంటారు, ఇది సగం దాటింది. ఆ అంకె కాగితం పై మూలనే అచ్చయి ఉంది. ఆమెను అడిగితే విషయం తేలింది. పరీక్ష చేసిన అబ్బాయి ఒడియాలో గబగబా చెప్పాడు. ఆమెకు బేరాలాడేంత ఒడియా వచ్చు. "వెలుగు కనిపిస్తే నొక్కమన్నాడమ్మా. వెతుక్కుని వెతుక్కుని నొక్కాను" అన్నారు. మధ్య చుక్క వదిలి చూడకూడదని, సగం వెలుగులు ఎలాగూ కనిపించవని, కనిపించకపోతే కంగారు పడక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. బడిలో పరీక్షలా అన్నీ రాయాలనుకున్నారు పాపం.

అమెరికాలో 1994లో మొదలై, కంటి ప్రెషర్ ఎక్కువున్నవారిని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో ఒక లెక్క ఉంది. మొదటిసారి తేడాగా వచ్చిన, అదీ నమ్మదగ్గదిగా తేలిన ఫీల్డ్ పరీక్షల్లో దాదాపు 86 శాతం మళ్లీ చేస్తే తేడాగా రాలేదు. శిక్షణ ఉన్న సిబ్బంది చేసిన పరీక్షల సంగతి అది. ఒక్క కాగితం మీద, అందులోనూ నమ్మలేని కాగితం మీద, జీవితాంతం వేసుకోవాల్సిన మందు మొదలుపెట్టారంటే ఆ తొందరకు సాకు లేదు.

విశాఖపట్నంలో గ్లకోమా నిపుణుల దగ్గరికి ఇద్దరినీ పంపాను. ఆమె మందు ఆపించి, దాని ప్రభావం పోవడానికి ఆరు వారాలు ఆగి చూశారు. ప్రెషర్ 18, కార్నియా మామూలు మందమే. తెలుగులో నిదానంగా వివరించి చేసిన ఫీల్డ్ పరీక్ష రెండుసార్లూ శుభ్రంగా వచ్చింది. కంటి లోపలి పొరలను కొలిచే ఓసీటీ స్కాన్‌లో తంతువుల మందం సరిగా ఉంది. జబ్బు లేదు, పెద్ద డిస్క్, ఏడాదికోసారి చూపించుకోండి అన్నారు.

చూసేవాళ్లం ఎంత నమ్మదగ్గవాళ్లం

ఈ రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకున్నాక నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. ఊరి చివర చిన్న కేంద్రంలో కూర్చున్నాం కాబట్టి ఇలా జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ 1976లోనే అమెరికా వైద్యుడు పాల్ లిక్టర్ డిస్క్ ఫొటోలు నిపుణులకే చూపించి, ఒకే డిస్క్‌కు వాళ్లు వేర్వేరు నిష్పత్తులు చెబుతున్నారని చూపించాడు. 2010లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో 11 దేశాల్లో 243 మంది కంటి డాక్టర్లకు ఆరోగ్యకరమైనవీ జబ్బువీ కలిపి డిస్క్‌ల ఫొటోలు, లోతు తెలిసే రకంవి, చూపించారు. సగటున 80.5 శాతం సరిగా చెప్పారు. అందరికన్నా తక్కువ చెప్పినవారు 61 శాతం, ఎక్కువ చెప్పినవారు 94. చేతిలో మంచి ఫొటో, ఎదురుగా రోగి లేడు, బయట వరుస లేదు, అయినా ఐదింటిలో ఒకటి తప్పింది.

ఇంకో మెలిక ఉంది. ఇద్దరం ఒకే మాట చెప్పామంటే ఇద్దరం సరిగ్గా చూశామనుకుంటాం. వందమందిలో తొంభైమందికి బాగుంది అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు ఇద్దరుంటే, ఆ ఇద్దరి మాట 82 మంది విషయంలో ఊరికే కలుస్తుంది. 81 మందికి ఇద్దరూ బాగుందంటారు, ఒకరికి ఇద్దరూ బాగాలేదంటారు. అందుకే పరిశోధకులు ఈ ఉత్తుత్తి పొంతనను తీసేసి మిగిలినదాన్నే లెక్కిస్తారు. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన ఆ కొలతను కాపా అంటారు. శిబిరం, నేను, మా డాక్టరు గారు నాలుగేళ్ల పాటు చెప్పిన ఒకే మాటను ఆ జల్లెడలో పోస్తే ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత అన్నయ్య ఎడమ డిస్క్, చెల్లెలి ఎడమ డిస్క్ ఫొటోలు పేర్లు తీసేసి ముగ్గురికి పంపాను. ఒక తోటి ఆప్టోమెట్రిస్టు, ఒక డాక్టరు, ఆసుపత్రిలో పరీక్షలు చేసే ఒక అమ్మాయి. ముందు నిష్పత్తి ఒక్కటే అడిగాను. అన్నయ్యకు 0.4, 0.6, 0.6 వచ్చాయి. చెల్లెలికి 0.6, 0.7, 0.8. ముగ్గురిలో ఇద్దరికి చెల్లెలి మీదే అనుమానం. వారం తర్వాత అవే ఫొటోలు డిస్క్ సైజు రాసి పంపి, అంచు ఎక్కడ అన్నిటికన్నా సన్నగా ఉందని మాత్రమే అడిగాను. ముగ్గురూ అన్నయ్యది అయిదు గంటల దగ్గర అన్నారు. దీన్ని పరిశోధన అనకండి. ముగ్గురు, రెండు ఫొటోలు. పైగా ఆ అమ్మాయికి రెండోసారికి ఏదో ఉందని అనుమానం వచ్చే ఉంటుంది. అయినా నాకది పనికొచ్చింది. అవే కళ్లు, వేరే ప్రశ్న. డాక్టరు గారి అంకెకూ ఆ అమ్మాయి అంకెకూ తేడా ఉంది గానీ, వాళ్ల చదువుల మధ్య ఉన్నంత తేడా లేదు.

పెద్ద చదువు ఉన్నవాళ్లు చూస్తే సరిపోతుందన్న నమ్మకం మా రంగంలోనూ ఉంది, రోగుల్లోనూ ఉంది. నా అనుభవంలో డిస్క్‌ను పాప విప్పి చూశారా, రెండు కళ్లతో లోతు తెలిసేలా చూశారా, ఎంతసేపు చూశారు అన్నవి హోదా కన్నా ముందు అడగాల్సినవి. గోనియోస్కోపీ, మందు నిర్ణయం, ఆపరేషన్ మాత్రం డాక్టర్లవే. అందులో వాదన లేదు.

ప్రెషర్ సంగతికి వస్తే, 21 దాటితేనే ఎక్కువ అన్న గీత జబ్బుకూ ఆరోగ్యానికీ మధ్య గీసింది కాదు. మామూలు జనంలో సగటు చుట్టూ లెక్క వేసి గీసింది. దాని కింద ఉండి గ్లకోమా ఉన్నవాళ్లు మన దేశంలో బోలెడుమంది. ప్రామాణికమనుకునే గోల్డ్‌మన్ పరికరాన్ని 520 మైక్రాన్ల కార్నియాను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. పొర పలచనైతే అసలు ఒత్తిడి కన్నా తక్కువ చూపిస్తుంది. ఇందాక చెప్పిన అమెరికా అధ్యయనమే 2002లో ఇంకో విషయం చెప్పింది. 555 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉన్నవారికి, 588 దాటినవారితో పోలిస్తే గ్లకోమా వచ్చే ప్రమాదం మూడింతలు. అన్నయ్యది 484. ఇంకా ఒకటి. ఆయన మూడుసార్లూ సాయంత్రం నాలుగు దాటాకే వచ్చారు, కొట్టు మధ్యాహ్నం దాకా వదలలేరు కనుక. విశాఖలో పొద్దున ఏడింటికి గోల్డ్‌మన్‌తో చూస్తే 24. పదకొండుకు 20. నాలుగింటికి 17. మా యంత్రం అబద్ధం చెప్పలేదు, మేము అడిగిన వేళ అది.

ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ 1990లలో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన కంటి జబ్బుల సర్వేలో, హైదరాబాద్ నగర భాగంలో, ఓపెన్ యాంగిల్ గ్లకోమా, అంటే నీరు పోయే మూల తెరిచే ఉన్న రకం, ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు జబ్బుందని తెలియదు. ఇన్నాళ్లూ ఆ లెక్క చదివినప్పుడల్లా వాళ్లెవరూ డాక్టరు ముఖం చూడనివాళ్లనుకునేదాన్ని. వాళ్లలో కొందరైనా నాలాంటివాళ్ల ముందు గడ్డం ఆనించి కూర్చుని, బాగుందనిపించుకుని వెళ్లినవాళ్లే అయి ఉంటారు.

మా రిజిస్టరు మారింది. నిష్పత్తి గడి ఇంకా ఉంది, కానీ దాని ముందు డిస్క్ సైజు గడి, తర్వాత అంచు సన్నగా ఉన్న గంట, చేతితో వేసిన బొమ్మ. ప్రెషర్ పక్కన వేళ, పరికరం పేరు. ఇద్దరం చూసి తేడా వస్తే కొట్టివేయకుండా రెండూ ఉంచుతున్నాం. పాప విప్పడానికి పని పోతుందన్నవాళ్లను పని లేని రోజున రమ్మంటున్నాం. మనిషికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతోంది. బయట వరుసలో విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకునేంత ధైర్యం అన్ని రోజులూ ఉండదు.

అన్నయ్య రాత్రిపూట మందు వేసుకుంటున్నారు. ప్రెషర్ 13, 14 మధ్య ఉంది. ఏడాదిన్నరలో మూడుసార్లు చేసిన ఫీల్డ్ పరీక్షలో లోపం పెరగలేదు. పోయిన పైభాగం ఎలాగూ రాదు, ఆ మాట ఆయనకు మొదటిరోజే చెప్పాం.

చెల్లెలు మొన్న పొద్దున ఏడున్నరకు మొదటి ఆటోలో వచ్చారు. గడ్డం స్లిట్ ల్యాంప్ మీద పెడుతూ అడిగారు: "అన్నయ్యకు లేదన్నప్పుడు నాకు మందు వేశారు. అన్నయ్యకు ఉందని తేలాక నాకు మందు ఆపారు. ఇదేం లెక్కమ్మా?"

లెక్క ఆమెదే సరైనది. తోడబుట్టినవాళ్లకు ఉంటే ప్రమాదం పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో చేసిన అధ్యయనం 1998లో ఇచ్చిన అంచనా ప్రకారం, గ్లకోమా ఉన్నవారి తోడబుట్టినవారికీ పిల్లలకీ జీవితకాలంలో అది వచ్చే అవకాశం 22 శాతం, లేనివారి వైపు 2.3 శాతం. మందు వేసుకున్న మూడేళ్లలో కాగితాల ప్రకారం ఆమె కుటుంబంలో ఎవరికీ జబ్బు లేదు. ఇప్పుడు ఉంది. ప్రమాదం ఉండటం వేరు, నష్టం జరగడం వేరు అని చెప్పాను. ఏడాదికి బదులు ఆరు నెలలకోసారి రమ్మన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకున్నట్టు అనిపించలేదు.

డిస్క్ 2.4. కప్పు 0.7. అంచు ఎక్కడా తెగలేదు, సన్నటి చోటు మూడు గంటలు, చెవి వైపు. ప్రెషర్ 17, గోల్డ్‌మన్, ఉదయం 7.40. బొమ్మ వేశాను. కుడి కన్ను.

అప్పుడు గమనించాను. కుడి కంట్లో చెవి వైపు తొమ్మిది గంటలు అవుతుంది, మూడు కాదు. లెన్సులో బొమ్మ తిరగబడి కనిపిస్తుంది, కనిపించినట్టే రాసేశాను. మూడు మీద గీత కొట్టి, పక్కన తొమ్మిది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.